టీకా సందేహానికి ముందుగా బదులిచ్చేది ఎవరు? సామాజిక మాధ్యమాలు, ప్రజల అవగాహన: ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: సామాజిక మాధ్యమాల వాడకం పెరిగిన కొద్దీ టీకాల గురించి వినేవారు పెరిగారు, నమ్మేవారు మాత్రం అదే లెక్కన పెరగలేదు. పచ్చి అబద్ధాల కంటే సగం చెప్పి వదిలేసిన నిజాలే ఎక్కువమందిని వెనకాడేలా చేస్తున్నాయని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. వదంతి నిలదొక్కుకున్న చోట్ల చాలావరకు దానికి ముందు ఒక అసలు ఘటన, ఆ ఘటన తర్వాత అధికారుల మౌనం కనిపిస్తాయి.

సమోవాలో ఎర్ర గుడ్డలు

పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం సమోవాలో 2019 డిసెంబరు 5, 6 తేదీల్లో కార్యాలయాలు, దుకాణాలు మూతపడ్డాయి. తట్టు టీకా వేయించుకోనివారు ఉన్న ప్రతి ఇంటి ముందూ ఎర్ర గుడ్డ కట్టి ఉంచాలని ప్రభుత్వం ఆదేశించింది. టీకా బృందాలు వాహనాల్లో తిరుగుతూ, ఎర్ర గుడ్డ కనిపించిన చోటల్లా ఆగి, ఇంట్లోవారిని బయటకు పిలిచి సూదిమందు వేశాయి. సుమారు రెండు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో వ్యాధి తగ్గుముఖం పట్టేసరికి 5,700కు పైగా కేసులు నమోదయ్యాయి, 83 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఐదేళ్లలోపు పిల్లలు.

ఈ విషాదానికి బీజం అంతకు ఏడాదిన్నర ముందే పడింది. 2018 జులైలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాల నుంచి కాపాడే ఎంఎంఆర్ టీకా వేయించుకున్న ఇద్దరు పసిపిల్లలు కాసేపటికే మరణించారు. టీకాలో దోషం లేదు. పొడిగా వచ్చే ఆ మందును శుద్ధజలంతో కలపవలసి ఉండగా, నర్సులు పొరపాటున గడువు తీరిన, కండరాలను సడలించే మరో మందుతో కలిపారు. కానీ ఆ సంగతి విచారణలో తేలి, నర్సులు నేరం అంగీకరించి, శిక్ష ఖరారయ్యేసరికి ఏడాది గడిచింది. ఈలోగా టీకా కార్యక్రమం నెలల తరబడి ఆగిపోయింది. పిల్లలు ఎందుకు చనిపోయారన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంది, దానికి అధికారిక సమాధానం లేదు. ఫేస్‌బుక్‌లో మాత్రం సమాధానాలకు కొదవ లేదు. టీకాయే చంపిందని, తట్టుకు ఆకు పసర్లు, విటమిన్లు చాలునని చెప్పే రాతలు స్థానికుల నుంచీ విదేశాల్లోని టీకా వ్యతిరేకుల నుంచీ వచ్చిపడ్డాయి. 2018లో తట్టు టీకా మొదటి డోసు పొందిన పిల్లలు 31 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా వేశాయి.

ఇందులో ఫేస్‌బుక్ పాత్ర ఎంత? ఆ ఇద్దరు పిల్లల మరణానికి గాని, టీకా కార్యక్రమం ఆగిపోవడానికి గాని అది కారణం కాదు. అయితే తల్లిదండ్రులు ఆత్రంగా సమాధానం వెతుక్కుంటున్న ఏడాది పొడవునా ఒకే ఒక్క వివరణను, అదీ తప్పుడు వివరణను, చేతికి అందిస్తూ వచ్చింది. సామాజిక మాధ్యమాలకూ టీకాలపై అవగాహనకూ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వరుస చాలా ముఖ్యం: ముందు ఒక ఘటన, దాని వెనుక ఒక ఖాళీ, ఆ ఖాళీలోకి ముందుగా వచ్చి కూర్చున్న మాట.

తెలియడం వేరు, నమ్మడం వేరు

ఈ అంశంపై జరిగే చర్చ తరచూ గందరగోళంగా మారడానికి ‘అవగాహన’ అనే మాటే ఒక కారణం. ఒక టీకా ఉందని విని ఉండడాన్నీ, అది ఏ వ్యాధి నుంచి ఎంతవరకు కాపాడుతుందో తెలిసి ఉండడాన్నీ, దాన్ని తయారుచేసేవారినీ వేసేవారినీ నమ్మడాన్నీ ఈ ఒక్క మాటతోనే పిలుస్తుంటాం. మొదటి అర్థంలో చూస్తే సామాజిక మాధ్యమాలు చేసిన మేలు కాదనలేనిది. కొవిడ్ కాలంలో ఏ టీకా ఎప్పుడు వస్తుంది, ఎవరికి ముందు వేస్తారు, ఎక్కడ వేస్తారు అన్న సమాచారం కోట్లమందికి ఫోన్ల ద్వారానే చేరింది. మూడో అర్థానికి వచ్చేసరికి చిత్రం తారుమారవుతుంది. పిల్లల టీకాల ప్రాముఖ్యంపై జనాభిప్రాయాన్ని 55 దేశాల్లో పరిశీలించిన యునిసెఫ్, కొవిడ్ కాలంలో 52 దేశాల్లో ఆ నమ్మకం తగ్గిందని 2023లో ప్రకటించింది. టీకాల గురించి చరిత్రలో ఎన్నడూ లేనంతగా జనం మాట్లాడుకున్న కాలమూ అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2014లో టీకా సంకోచాన్ని నిర్వచిస్తూ, టీకా అందుబాటులో ఉన్నప్పటికీ వేయించుకోవడంలో ఆలస్యం చేయడం లేదా నిరాకరించడం అని పేర్కొంది. ‘అందుబాటులో ఉన్నప్పటికీ’ అన్న షరతును మరచిపోకూడదు. 2024లో ఒక్క డోసు కూడా అందని శిశువులు ప్రపంచవ్యాప్తంగా 1.43 కోట్లమంది ఉన్నారని అంచనా. వారిలో దాదాపు సగంమంది యుద్ధాలతోనో అస్థిర పాలనతోనో సతమతమవుతున్న దేశాల్లో పుట్టినవారు. అలాంటి చోట తల్లికి ఫోన్ లేకపోవడం కంటే దగ్గర్లో ఆరోగ్య కేంద్రం లేకపోవడం పెద్ద కారణం. టీకాల శాతం తగ్గిన ప్రతిసారీ సామాజిక మాధ్యమాలను నిందించడం వల్ల ఈ తల్లుల సమస్య కనుమరుగైపోతుంది.

వదంతి పాతదే, బాట కొత్తది

టీకాలపై భయం టీకాలంత పాతది. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవులకు సోకే పొక్కుల జబ్బు రసితో మశూచిని అడ్డుకోవచ్చని చూపిన ఆరేళ్లకే, టీకా వేయించుకున్నవారి ఒంటి నుంచి ఆవులు మొలుచుకొస్తున్నట్టు లండన్‌లో వ్యంగ్యచిత్రం అచ్చయింది. నిర్బంధ టీకా చట్టానికి వ్యతిరేకంగా 1885లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో భారీ ప్రదర్శన జరిగింది. 1970ల మధ్యలో కోరింత దగ్గు టీకా మెదడును దెబ్బతీస్తుందన్న వార్తలు బ్రిటన్ పత్రికలు, టెలివిజన్ల ద్వారా వ్యాపించగా, టీకా వేయించుకునే పిల్లలు నాలుగింట మూడు వంతుల నుంచి మూడో వంతు కంటే తక్కువకు పడిపోయారు. ఆ దశాబ్దం ముగిసేలోగా కోరింత దగ్గు ఆ దేశాన్ని మళ్లీ చుట్టుముట్టింది. అప్పటికి ఇంటర్నెట్ ఇళ్లలోకి రానేలేదు.

మరి మారిందేమిటి? 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం కేవలం 12 మంది పిల్లల వివరాలతో, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచిస్తూ ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం ప్రచురించింది. ఆ అనుమానం జనంలోకి వెళ్లడానికి విలేకరుల సమావేశం కావలసి వచ్చింది, పత్రికలు దాన్ని నెత్తికెత్తుకోవలసి వచ్చింది. అంటే మధ్యలో కొందరు ద్వారపాలకులు ఉన్నారు. వారు విఫలమయ్యారన్నది నిజమే అయినా, తప్పు జరిగినప్పుడు నిలదీయడానికి ఒక చిరునామా ఉండేది. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది బ్రిటన్ వైద్య మండలి వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది. అయితే ఆ పన్నెండేళ్లలో ఫేస్‌బుక్, యూట్యూబ్, ట్విటర్ పుట్టి పెరిగాయి. ఉపసంహరణ వైద్య పత్రిక పుటల్లో జరిగింది, అనుమానం మాత్రం ఏ సంపాదకుడి చేతికీ అందనంత దూరం వెళ్లిపోయింది. అచ్చులో వచ్చిన తప్పుకు సవరణ వేయవచ్చు, చేతులు మారుతూ పోయే సందేశానికి సవరణను ఏ చిరునామాకు పంపాలి?

పరుగుకు ఇంధనం ఎక్కడిది

2019 ఏప్రిల్ 22న పాకిస్థాన్‌లోని పెషావర్ ప్రాంతంలో పోలియో చుక్కలు వేసుకున్న పిల్లలు స్పృహ తప్పుతున్నారంటూ వీడియోలు వెల్లువెత్తాయి. మరో వీడియోలో అసలు సంగతి కనిపిస్తుంది: ఒక వ్యక్తి ఆరోగ్యంగా నిలబడి ఉన్న పిల్లలను మంచాలపై పడుకొమ్మని, స్పృహ లేనట్టు నటించమని చెప్పడం, పిల్లలు చెప్పినట్టే కళ్లు మూసుకుని వాలిపోవడం అందులో రికార్డయింది. ఈ రెండో వీడియో బయటకు వచ్చేసరికే వేలాది తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకుని ఆసుపత్రులకు పరుగులు తీశారు, ఒక ఆరోగ్య కేంద్రానికి నిప్పు పెట్టారు. పోలియో సిబ్బందిపై దాడులు జరిగాయి. కొద్ది రోజుల్లోనే కార్యక్రమాన్ని దేశమంతటా ఆపవలసి వచ్చింది. 2018లో 12గా ఉన్న పోలియో కేసులు 2019లో 147కు చేరడానికి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ ఆ రోజు పుట్టిన భయం వాటిలో చిన్నది కాదు.

నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరు చుట్టి వస్తుందన్న నానుడిని లెక్కలతో పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో సుమారు 30 లక్షలమంది పంచుకున్న 1,26,000 వార్తా కథనాలను పరిశీలించగా, నిజమైన వార్త 1,500 మందికి చేరడానికి అబద్ధపు వార్తకంటే ఆరు రెట్లు ఎక్కువ సమయం తీసుకుంది. మరింత ఆలోచింపజేసే విషయం ఏమిటంటే, యంత్రాలు నడిపే ఖాతాలు నిజాన్నీ అబద్ధాన్నీ దాదాపు సమానంగానే వ్యాపింపజేశాయి. తేడా మనుషుల వల్లే వచ్చింది. కొత్తగా ఉండే, ఆశ్చర్యమూ ఏవగింపూ కలిగించే మాటను ఇంకొకరికి చెప్పాలనిపించడం మనిషి స్వభావం. స్పందన ఎక్కువగా వచ్చిన రాతను ఇంకా ఎక్కువమందికి చూపించే వేదికల అల్గారిదం ఆ స్వభావాన్ని అనేక రెట్లు పెంచుతుంది. ‘పిల్లవాడికి టీకా వేయించాం, బాగున్నాడు’ అన్న వాక్యంలో వార్త లేదు. ప్రపంచంలో రోజూ లక్షల ఇళ్లలో నిజమయ్యే ఆ వాక్యాన్ని ఎవరూ పంచుకోరు.

ఎవరు ఎవరితో కలిసి ఉన్నారన్నది మరో కీలకాంశం. 2020లో ‘నేచర్’ ప్రచురించిన ఒక పరిశోధన ఫేస్‌బుక్‌లో టీకాల చర్చ సాగే పేజీలను మూడు వర్గాలుగా చూసింది. టీకాలను సమర్థించే పేజీల్లో సుమారు 69 లక్షలమంది, వ్యతిరేకించే పేజీల్లో సుమారు 42 లక్షలమంది, ఏదీ తేల్చుకోని పేజీల్లో దాదాపు 7.4 కోట్లమంది ఉన్నారు. తలలు లెక్కపెడితే సమర్థకులదే పైచేయి. కానీ వ్యతిరేక పేజీలు చిన్నచిన్నవిగా, సంఖ్యలో రెట్టింపుకు పైగా ఉండి, పిల్లల పెంపకం గురించో సహజ ఆహారం గురించో మాట్లాడుకునే తటస్థుల మధ్యే మసలుతున్నాయి. సమర్థకుల పేజీలు ఎక్కువగా తమలో తామే మాట్లాడుకుంటున్నాయి. ఆరోగ్య శాఖ పేజీ టీకా పట్టిక ప్రకటించి ఊరుకుంటుంది, వ్యతిరేక పేజీ తల్లి అడిగిన ప్రశ్నకు అర్ధరాత్రి కూడా బదులిస్తుంది. ఆ బదులు తప్పే కావచ్చు, కానీ ఆమె ప్రశ్నను పట్టించుకున్నది అదొక్కటే.

వాట్సాప్ వంటి మూసిన సందేశ వేదికల తీరు వేరు. అక్కడ అల్గారిదం లేదు, కానీ పంపేది పెదనాన్నో, మేనత్తో, పాత సహోద్యోగో. సందేశం మొదట ఎవరు రాశారో తెలియదు, పంపినవారిపై ఉన్న గౌరవమే దానికి పూచీకత్తు అవుతుంది. తప్పని తెలిసినా పెద్దల మాటను పదిమందిలో కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది. అందువల్ల అలాంటి సమూహాల్లో సందేశం వ్యాపించినంత సులువుగా దాని ఖండన వ్యాపించదు.

కాకతాళీయం, సగం నిజం

కాకి వచ్చి వాలడం, అదే క్షణాన తాటిపండు రాలడం: ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టవద్దని హెచ్చరించే మాట భాషలో ఎప్పటి నుంచో ఉంది. టీకాలపై సందేహాల్లో సింహభాగం ఈ కాకతాళీయంలోంచే పుడుతుంది. ఎంఎంఆర్ మొదటి డోసు వేసే వయసూ, ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడడం మొదలయ్యే వయసూ దాదాపు ఒకటే. టీకా వేయించిన నెలకు బిడ్డ పిలిస్తే పలకడం లేదని గమనించిన తల్లి చెప్పేది అబద్ధం కాదు, ఆమె చూసిన వరుస అదే. ఆ వరుస వెనుక కారణం ఉందో లేదో తేల్చడానికి టీకా వేయించని పిల్లలతో పోల్చి చూడాలి. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలతో అలా పోల్చి 2019లో వెలువరించిన అధ్యయనంలో, టీకా పొందినవారిలో ఆటిజం ఎక్కువన్న ఆధారమేదీ కనబడలేదు. అయితే ఆరున్నర లక్షలమంది పిల్లల పట్టిక తెరపై ఒక సంఖ్య మాత్రమే. ఒక తల్లి కన్నీరు పెట్టుకుంటూ మాట్లాడే రెండు నిమిషాల వీడియో మనసులో దిగిపోతుంది.

సంఖ్యలు కూడా సందర్భం తెగిపోతే తప్పుదారి పట్టిస్తాయి. ‘తట్టు సోకిన పిల్లల్లో మూడో వంతుకు పైగా టీకా వేయించుకున్నవారే’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. వినగానే టీకా పనిచేయడం లేదనిపిస్తుంది. ఇప్పుడు వెయ్యిమంది పిల్లల బడిని ఊహించుకుందాం. వారిలో 950 మంది రెండు డోసులూ తీసుకున్నారు, 50 మంది తీసుకోలేదు. రెండు డోసుల ఎంఎంఆర్ తట్టు నుంచి సుమారు 97 శాతం రక్షణ ఇస్తుంది, కాబట్టి 950 మందిలో 28 మంది వరకు రక్షణ లేకుండా మిగిలిపోతారు. ఒక్క రోగి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి సోకగల తట్టు ఆ బడిలోకి వచ్చి, రక్షణ లేని అందరికీ అంటుకుందనుకుంటే జబ్బుపడేది 78 మంది. వారిలో 28 మంది టీకా వేయించుకున్నవారు, అంటే మూడో వంతుకు పైనే. వాక్యం అక్షరాలా నిజం. కానీ టీకా వేయించుకున్నవారిలో నూటికి ముగ్గురు జబ్బుపడితే, వేయించుకోనివారిలో నూటికి నూరుగురూ పడ్డారు. మొదటి వాక్యం ఒక్క గీతలో ఫార్వర్డ్ అవుతుంది, దాని వివరణకు ఇంత పేరా కావలసి వచ్చింది.

అనుమానిత దుష్ప్రభావాల నమోదు వ్యవస్థలకూ ఇదే గతి పట్టింది. అమెరికాలో 1990 నుంచి నడుస్తున్న ‘వేర్స్’లో టీకా తర్వాత ఏ ఆరోగ్య సమస్య వచ్చినా ఎవరైనా నమోదు చేయవచ్చు, టీకాయే కారణమని నిరూపించనక్కర్లేదు. అరుదైన ప్రమాదాన్ని తొలి అడుగులోనే పసిగట్టడానికే వల అంత విశాలంగా వేశారు. పారదర్శకత కోసం బహిరంగంగా ఉంచిన ఆ నమోదుల మొత్తాన్ని ‘టీకా బాధితుల సంఖ్య’గా ప్రచారం చేయడం కొవిడ్ కాలంలో పరిపాటి అయింది.

ఈ సగం నిజాల బరువెంతో 2024లో ‘సైన్స్’లో వచ్చిన ఒక అధ్యయనం కొలిచింది. 2021 తొలి మూడు నెలల్లో అమెరికా ఫేస్‌బుక్‌లో టీకాలకు సంబంధించిన లింకులకు వచ్చిన సుమారు 270 కోట్ల వీక్షణల్లో, నిజనిర్ధారకులు తప్పుడు సమాచారమని ముద్రవేసినవాటికి వచ్చినవి 87 లక్షలే, అంటే 0.3 శాతం. వాటికి భిన్నంగా, ఆరోగ్యంగా ఉన్న ఒక వైద్యుడు కొవిడ్ టీకా వేయించుకున్న రెండు వారాలకు మరణించాడని, కారణాన్ని దర్యాప్తు చేస్తున్నారని ఒక ప్రధాన పత్రిక ఇచ్చిన శీర్షిక ఒక్కటే దాదాపు 5.5 కోట్లమంది కంటపడింది. శీర్షికలో తప్పు లేదు. దర్యాప్తు అనే మాటకు పాఠకుడు ఏ అర్థం చెప్పుకుంటాడన్నదే ప్రశ్న. చూసినవారి సంఖ్యనూ, చూసినవారిపై పడే ప్రభావాన్నీ కలిపి లెక్కించిన పరిశోధకులు, తప్పుడు సమాచారమని ముద్రపడని ఇలాంటి సందేహజనక కథనాల మొత్తం ప్రభావం, ముద్రపడిన అబద్ధాల ప్రభావం కంటే సుమారు 46 రెట్లు ఎక్కువని అంచనా వేశారు. దొంగ వార్తల వేట ఒక్కటే సరిపోదని, పేరున్న పత్రికల శీర్షికలు రాసేవారి బల్లపైన కూడా ఈ సమస్య ఉందని ఈ అంచనా తేటతెల్లం చేస్తోంది.

ఏది కారణం, ఏది ఫలితం

సామాజిక మాధ్యమాలు ఎక్కువగా వాడేవారిలో టీకా సంకోచం ఎక్కువని తేలితే, వాడకం వల్ల సంకోచం వచ్చిందని వెంటనే చెప్పేయలేం. ముందే అనుమానం ఉన్నవారు తమ అనుమానాన్ని బలపరిచే వీడియోలు వెతుక్కుని ఉండవచ్చు. లేదా ఆసుపత్రిలో ఎదురైన నిర్లక్ష్యం వంటి మూడో కారణం ఏదో రెంటికీ మూలమై ఉండవచ్చు. ఈ చిక్కుముడి విప్పడానికి ప్రయోగాలు కావాలి. కొవిడ్ టీకాలు రాకముందు, 2020 సెప్టెంబరులో బ్రిటన్‌లో 4,000 మందిపై, అమెరికాలో 4,000 మందిపై జరిగిన ప్రయోగం అలాంటిది. అప్పట్లో చలామణిలో ఉన్న తప్పుడు సందేశాలను కొందరికీ, సరైన సమాచారాన్ని మరికొందరికీ చూపించారు. టీకా తప్పకుండా వేయించుకుంటామని ముందు చెప్పినవారి వాటా తప్పుడు సందేశాలు చూశాక బ్రిటన్‌లో 6.2, అమెరికాలో 6.4 శాతం పాయింట్లు తగ్గింది. ఒక్కసారి చూసినందుకే ఇంత తేడా రావడం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. అయితే ఇది కొలిచింది ఉద్దేశాన్ని, టీకా కేంద్రానికి వెళ్లడాన్ని కాదు.

నమ్మకం పూర్తిగా సామాజిక మాధ్యమాల చేతిలో ఉండదని చెప్పే ఉదాహరణ ఫిలిప్పీన్స్. అక్కడ 8 లక్షలమందికి పైగా పిల్లలకు డెంగీ టీకా వేశాక, అంతకుముందు డెంగీ సోకనివారిలో ఆ టీకా తర్వాత వచ్చే డెంగీ తీవ్రం కావచ్చని తయారీ సంస్థే 2017 నవంబరులో ప్రకటించింది. అది వదంతి కాదు, తయారీదారే ఒప్పుకున్న లోపం. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవారు 2015లో 93 శాతం ఉండగా 2018లో 32 శాతానికి పడిపోయారు. దెబ్బ ఒక్క డెంగీ టీకాతో ఆగలేదు, దశాబ్దాలుగా సురక్షితమని రుజువైన తట్టు టీకాపై కూడా పడి, 2019లో తట్టు విజృంభించింది. కోపానికి కారణం నిజమైనది. ఆ కోపాన్ని ఒక టీకా నుంచి అన్ని టీకాల పైకి విస్తరింపజేయడంలో టెలివిజన్ చర్చలు, రాజకీయ ఆరోపణలు, సామాజిక మాధ్యమాలు పోటీపడ్డాయి.

తొలగిస్తే తగ్గిందా?

2019 నుంచి పెద్ద వేదికలు వరుసగా నిబంధనలు తెచ్చాయి. టీకా వ్యతిరేక పేజీలను శోధనలో వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2019 మార్చిలో ప్రకటించింది. 2020 డిసెంబరులో కొవిడ్ టీకాలపై అబద్ధాలను తొలగిస్తామంది. 2021 సెప్టెంబరులో యూట్యూబ్ ఆమోదిత టీకాలన్నింటికీ అదే నియమం వర్తింపజేసింది. ఫలితం ఆశించినంత లేదు. ఫేస్‌బుక్ చర్యలను పరిశీలించి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పేజీలు తొలగిపోయినా టీకా వ్యతిరేక రాతలకు వచ్చే మొత్తం స్పందన తగ్గలేదు. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తెరుచుకునేలా ఆ వేదిక నిర్మాణమే ఉందని పరిశోధకులు వివరించారు. పైగా తొలగింపును కొందరు ‘దాచిపెడుతున్నారనడానికి రుజువు’గా చూపించారు. ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది: ట్విటర్ 2022 నవంబరులో కొవిడ్ తప్పుడు సమాచార నియమాల అమలు మానేసింది, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అమెరికాలో బయటి నిజనిర్ధారణ సంస్థల సేవలకు స్వస్తి పలుకుతున్నట్టు 2025 జనవరిలో ప్రకటించింది.

బదులిచ్చిన రెండు దేశాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా విషయంలో జపాన్, డెన్మార్క్, ఐర్లాండ్ దాదాపు ఒకేలాంటి కలవరాన్ని ఎదుర్కొన్నాయి. మూడు చోట్లా టీకా తర్వాత కొందరు అమ్మాయిలకు నొప్పులు, తీవ్రమైన నీరసం వచ్చాయన్న కథనాలు వ్యాపించాయి. జపాన్ ప్రభుత్వం 2013 జూన్‌లో టీకాను సిఫారసు చేయడం ఆపేసింది. సుమారు 70 శాతం అమ్మాయిలు వేయించుకుంటున్న టీకా ఒక్క శాతం కంటే తక్కువకు పడిపోయింది, సిఫారసు తిరిగి మొదలయ్యేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది.

డెన్మార్క్ ఎంచుకున్న దారి వేరు. 2015లో ఒక టెలివిజన్ డాక్యుమెంటరీ తర్వాత టీకా శాతం బాగా పడిపోగా, ఆరోగ్య శాఖ, క్యాన్సర్ సంఘం, వైద్యుల సంఘం కలిసి 2017లో ప్రచారం ప్రారంభించాయి. నిర్ణయం తీసుకునేది ఎక్కువగా తల్లులేనని, వారు సమాచారం వెతికేది ఫేస్‌బుక్‌లోనేనని గుర్తించి, అక్కడే పేజీ తెరిచి, కామెంట్లకు ఒక్కొక్కటిగా సమాధానమిచ్చాయి. టీకా శాతం మళ్లీ పెరిగింది. ఐర్లాండ్‌లో 2014-15లో సుమారు 87 శాతం ఉన్న టీకా రెండేళ్లలో 51 శాతానికి దిగజారింది. 24 ఏళ్ల వయసులో ఇదే క్యాన్సర్ బారిన పడిన లారా బ్రెన్నన్ అనే యువతి ప్రజారోగ్య శాఖతో కలిసి తన కథను తానే వీడియోల్లో చెప్పింది. ఆమె 2019లో, 26 ఏళ్లకే కన్నుమూసేసరికి టీకా శాతం 70 దరిదాపులకు చేరింది. వైద్యుల వివరణలు, తల్లిదండ్రులతో సమావేశాలు కూడా ఇందులో భాగమే, ఒక్క వీడియోకే ఫలితాన్ని కట్టబెట్టడం సరికాదు. అయినా ఒక తల్లి కన్నీటికి పట్టికతో కాక మరో మనిషి ముఖంతో జవాబిచ్చిన సందర్భం ఇది.

ఖండన అన్నది అనుకున్నంత తేలికైన పని కాదని కూడా తేలింది. అమెరికాలో 1,759 మంది తల్లిదండ్రులపై జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఎంఎంఆర్‌తో ఆటిజం రాదన్న వివరణ చదివినవారిలో ఆ అపోహ తగ్గింది. కానీ మొదటి నుంచీ టీకాలంటే బాగా గిట్టనివారిలో టీకా వేయించాలన్న ఉద్దేశం పెరగకపోగా ఇంకా తగ్గింది. ఖండన ఎప్పుడూ బెడిసికొడుతుందని దీన్నిబట్టి అప్పట్లో చాలామంది నిర్ధారణకు వచ్చారు, తర్వాతి ప్రయోగాల్లో ఆ ఎదురుదెబ్బ సాధారణంగా కనబడలేదు. మిగిలిన పాఠం మాత్రం గట్టిదే: అపోహ తొలగినంత మాత్రాన నిర్ణయం మారదు. కొవిడ్ కాలంలో 819 ప్రకటన ప్రచారాలు, సుమారు 210 కోట్లమంది వాడకందార్లను కలిపి చూసిన మరో పరిశోధన, సామాజిక మాధ్యమాల్లో టీకా ప్రచారం ఒక్కో వ్యక్తిపై చూపే ప్రభావం చాలా స్వల్పమని, కోట్లమందికి చేరినప్పుడే దానికి విలువ వస్తుందని చెప్పింది. భయపెట్టే వీడియో ఒక్క రాత్రిలో సాధించే దానికి సరితూగాలంటే సరైన సమాచారం నెలల తరబడి, అలుపులేకుండా చేరుతూనే ఉండాలి.

ఇకపై గమనించవలసినవి

తట్టును అడ్డుకోవడానికి 95 శాతం మందికి రెండు డోసులు అందాలి. అంటే సంకోచించేవారు దేశంలో సగం మంది కానక్కర్లేదు, నూటికి పదిమంది ఒకే చోట చేరినా చాలు. సామాజిక మాధ్యమాలు ఒకే రకం ఆలోచన ఉన్నవారిని దగ్గరకు చేరుస్తాయి కాబట్టి, దేశ సగటు బాగున్నా కొన్ని బడుల్లో, కొన్ని సమాజాల్లో రక్షణ పలచబడే ప్రమాదం పెరుగుతుంది. సగటు సంఖ్యలు మాత్రమే చూసే ప్రభుత్వాలకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

మరో మార్పు అంతగా చర్చకు రాలేదు. పైన చెప్పిన ఫేస్‌బుక్ అధ్యయనాల్లో కొన్ని ‘క్రౌడ్‌టాంగిల్’ అనే పరికరం మీద ఆధారపడ్డాయి. ఏ పేజీలో ఏ రాతకు ఎంత స్పందన వచ్చిందో బయటి పరిశోధకులు చూడగలిగింది దాని ద్వారానే. 2024 ఆగస్టు 14న మెటా దాన్ని మూసివేసింది. దాని స్థానంలో తెచ్చిన ఏర్పాటు అర్హత పొందిన పరిశోధకులకే పరిమితం. ఒక కొత్త టీకాపై రేపు పుట్టబోయే వదంతి ఎక్కడ మొదలైంది, ఎటు పాకుతోంది అని అది పాకుతుండగానే చూడగల కళ్లు ఇప్పుడు తక్కువ. ఆ వదంతి ఆనవాలు టీకా రిజిస్టర్లలో తెలిసేసరికి నెలలు గడిచి ఉంటాయి. సమోవాలో 31 శాతం అన్న అంకె నమోదైంది 2018కి. ఎర్ర గుడ్డలు కట్టింది 2019 డిసెంబరులో.